పాస్టను వారి వంశమూలము

నదీమూలమును ఋషిమూలమును విచారింపరాదని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాటయందు మర్యాదయు గలదు, కొంత భయమును గలదు. మహానదియని పేరొందిన యేటి పుట్టుక చూడబోయినవానికి కొండచరియలో నొక చిన్న ఊట మాత్రమే కనబడవచ్చును. లోకమంతయు మ్రొక్కెడి మహాత్ముని కన్నతల్లి యెవరో యడిగినవానికి కులాభిమానము చెడునట్టి యుత్తరము రావచ్చును. కావున అడుగకుండుటయే మేలని పెద్దలు తలంచిరి కాబోలు. కాని చరిత్రకారుని పని మూలమును విచారించుటయే. ఊట చిన్నదని తెలిసిన మాత్రమున నదియొక్క నీరు తరిగిపోదు. మూలమును దాచినచో మాత్రము, ఆ నీరు ఎక్కడినుండి వచ్చెనో, ఎవరి శ్రమచే మన పొలమునకు చేరెనో మనకెన్నడును తెలియదు.

వంశగర్వము మన దేశపు సొత్తేయని యనుకొనువారు కొందరు గలరు. పాశ్చాత్యులు గుణమును, విద్యను మాత్రమే గణింతురనియు, వారికి పుట్టుకతో పనిలేదనియు మన యిండ్లలో ననేకులు చెప్పుకొందురు. ఇది నిజము కాదు. ఇంగ్లండునందు శతాబ్దములతరబడి పుట్టుకయే మర్యాదకు మూలమై, ఆస్తికి కావలియై, వివాహమునకు కొలబద్దయై యుండెను. దీనిని నిరూపించుటకు ఒక కుటుంబపు కథను చెప్పదలచితిమి. ఆ కుటుంబము పేరు పాస్టను. వారి వంశవృక్షమును విచారించుటకు రెండు పత్రములు కలవు. ఆ రెండును ఒకదానిని మరియొకటి ఖండించుచున్నవి. ఏది నమ్మదగినది, ఎందుచేత నమ్మదగినది యను ప్రశ్నయందే ఈ కథయొక్క సారమున్నది.

ముందుగా జెంట్రీ యన నేమో చెప్పవలయును. ఇంగ్లండునందు డ్యూకు, ఎర్లు మొదలగు బిరుదములు గల ప్రభువులు కొద్దిమందియే. వారికి క్రిందను, స్వయముగా నాగలి పట్టెడి రైతునకు పైనను, తమ భూములపై వచ్చు ఆదాయముతో జీవించు కుటుంబముల సముదాయమొకటి యుండెను. నైటు, ఎస్క్వైరు, జెంటిల్‌మన్ అనునవి వారి తరగతులు. కౌంటీలలో న్యాయవిచారణ చేయుట, పన్నులు కట్టించుట, పార్లమెంటునందు కామన్సు సభకు పోవుట మొదలగు పనులు ఎక్కువగా వీరి చేతులలో నుండెను. డాలుమీద చిత్రించుకొనెడి వంశలాంఛనము వీరికి ప్రాణసమానము. ఆ లాంఛనమును ధరించుటకు హక్కు కలదని చూపవలెనన్న, తాతముత్తాతల వరుస చూపవలసియుండెను.

ఆ వరుసను కనుగొనుటెట్లు? 1538వ సంవత్సరమున ఎనిమిదవ హెన్రీ రాజుయొక్క మంత్రియగు థామస్ క్రామ్‌వెల్, ప్రతి చర్చి పరిధిలోను జ్ఞానస్నానములు, వివాహములు, ఖననములు పుస్తకమున వ్రాసియుంచవలెనని యుత్తరువు చేసెను. అటుపిమ్మటి కాలమునకు ఆ పుస్తకములు ఆధారము. అంతకు పూర్వపు కాలమునకు వేరు సాధనములు వెదకవలయును. రాజునుండి నేరుగా భూమి పొందినవాడు చనిపోయినప్పుడు అధికారులు విచారణ జరిపి, అతని భూములును, వారసుని పేరును, వయస్సును వ్రాసికొనెడివారు. గ్రామాధిపతియగు ప్రభువుయొక్క కచేరీలో రైతుల భూముల మార్పులు తోలుచుట్టలపై నెక్కుచుండెను. వీలునామాలు, దానపత్రములు, క్రయపత్రములు మరియొక నిధి. వీటియందు చనిపోయినవారిని గొప్పచేయవలెనన్న కోరిక సాధారణముగా నుండదు. పన్నో, కౌలో, హక్కో తేల్చుటకు వ్రాసిన కాగితములివి. అందుచేతనే ఇవి విలువగలవి.

వంశవృక్షములను పరీక్షించుటకు హెరాల్డులను రాజోద్యోగులును ఉండిరి. మూడవ రిచర్డు రాజు 1484లో వారి సంఘమునకు అధికారపత్ర మిచ్చెను. 1530 మొదలు 1688 వరకు వారు కౌంటీలు తిరిగి, ప్రతి కుటుంబపు లాంఛనమును, వంశక్రమమును విచారించి వ్రాసికొనిరి. కాని వారు వ్రాసికొన్నదానిలో చాలభాగము ఆ కుటుంబపు పెద్ద చెప్పినదే. రెండు మూడు తరములవరకు పెద్దల జ్ఞాపకము కొంత నమ్మదగియుండును. అంతకు పైన కోరికయే జ్ఞాపకమగును. 1066లో నార్మండీనుండి వచ్చి ఇంగ్లండును జయించిన విలియముతో తమ మూలపురుషుడును వచ్చెనని చెప్పుకొనవలెనన్న ఆశ వారిలో ననేకులకు గలదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరను, ఇరువదవ శతాబ్దపు మొదటను హొరేస్ రౌండు అను చరిత్రకారుడు ఇట్టి వంశకథలను ప్రభుత్వపు పాతలెక్కలతో సరిచూచి, ఎన్నింటినో కల్పితములని తేల్చెను. వంశశోధనకు సూత్రమొక్కటే: తెలిసినవానినుండి తెలియనివానివైపునకు, క్రిందనుండి పైకి పోవలెను, వీడు వానికి కొడుకన్న ప్రతి మాటకును ఒక ఆధారమడుగవలెను. ప్రసిద్ధుడొకనిని మొదట నిలిపి, అతనినుండి మనయింటివరకు నిచ్చెన దింపికొనువాడు వెదకుట లేదు, కోరికొనుచున్నాడు.

ఇక పాస్టనువారి సంగతి. ఇంగ్లండునకు తూర్పున సముద్రమువైపు పొడుచుకొని వచ్చినట్లుండెడి నార్ఫోక్ కౌంటీలో, సముద్రతీరమునకు దగ్గరగా, పాస్టను అను చిన్న యూరు గలదు. ఆ యూరి పేరే ఈ కుటుంబమునకు ఇంటిపేరు. పదునైదవ శతాబ్దమునందు వీరు ఒకరికొకరు వ్రాసికొన్న యుత్తరములును, ఇతర పత్రములును కలిపి వేయికి పైగా నిలిచియున్నవి. అంతటి పాతకాలమున ఒక సామాన్యగృహపు మాటలు ఇంత విరివిగా వినబడు చోటు ఇంగ్లండులో మరియొకటి లేదన్నను తప్పుగాదు.

మొదటి పత్రము సంతకము లేనిది. ఆ కుటుంబముపై వైరము గలవాడు వ్రాయించినదని చూచినంతనే తెలియును. అందు చెప్పబడిన దేమనగా: క్లెమెంటు పాస్టను అనువాడు పాస్టను గ్రామమున నొక సామాన్యపు సేద్యగాడు. వేసవియు శీతకాలమును తానే నాగలివెంట నడచెడివాడు. జీను లేని గుఱ్ఱముపై ధాన్యపుమూటను తన క్రింద వేసికొని మరకు పోయి, పిండిని అట్లే మరల తెచ్చుకొనెడివాడు. ధాన్యమును బండిలో వేసికొని తానే తోలుకొనిపోయి అమ్మెడివాడు. అతనికి నూరు, నూటయిరువది ఎకరములకు మించి భూమి లేదు. అందును చాలభాగము దాస్యపు షరతులతో కూడిన భూమి. ఒక చిన్న నీటిమర యుండెను. అతని భార్య దాసకుటుంబమునకు చేరినది. ఆమె యన్న జెఫ్రీ సోమర్టను అటార్నీ పని చేయుచు, పాపక్షమాపణ పత్రములను సైత మమ్ముకొనెడివాడు. క్లెమెంటునకు విలియమను కుమారుడు పుట్టెను. అతనిని బడికి పంపుటకు తండ్రి పలుమారులు అప్పు చేసెను. పిమ్మట మేనమామ సహాయముతో ఆ పిల్లవాడు లండనుకు పోయి న్యాయశాస్త్రము నేర్చెను.

ఈ పత్రమును వ్రాసినవాని యుద్దేశము అవమానించుట. కాని చదువరులారా, దీనిని చదువునపుడు మనకు కలుగు భావమేమి? నాగలి పట్టినవాడు అప్పుచేసి కొడుకును చదివించెనట! ఇంతకంటె మర్యాదగల వంశమూలము ఏ రాజకుటుంబమునకు కలదు? శత్రువు నిందగా వ్రాసినది ఆరువందల యేండ్లకు పిదప స్తోత్రముగా చదువబడుచున్నది.

ఆ బాలుడే విలియము పాస్టను. 1378లో పుట్టినవాడు. వకీలై, పెద్దకుటుంబముల భూవ్యవహారములు చక్కబెట్టి, 1429లో కామన్ ప్లీస్ న్యాయస్థానమున న్యాయాధిపతియయ్యెను. నాటి ఇంగ్లండులో భూమిహక్కులన్నియు చిక్కులమయము. ఆ చిక్కు విప్పగలవానికి ధనమును, ఆ ధనముతో భూమియును చేరుట సహజము. విలియము భూములు కొనెను. కవి చాసరు కుమారుడగు థామసునొద్ద గ్రెషాము అను గ్రామాధిపత్యమును సంపాదించెను. ఆగ్నెస్ బెర్రీ అను నైటుకుమార్తెను పెండ్లాడెను. 1444లో అతడు చనిపోవునప్పటికి, జీను లేని గుఱ్ఱముపై పిండి తెచ్చుకొన్నవాని కుమారుడు కౌంటీలో గొప్పవారిలో నొకడై యుండెను.

ఎక్కినవానిని చూచి సంతోషించువారికంటె, క్రిందికి లాగవలెనని చూచువారెక్కువ. విలియము కుమారుడు జాన్ పాస్టను కాలమున ఈ సంగతి తేటపడెను. మోలిన్సు ప్రభువు 1448లో గ్రెషామును బలాత్కారముగా నాక్రమించెను. జాను మరల ప్రవేశించినను, 1450 జనవరిలో ఆ ప్రభువు మనుష్యులు ఇంటిపై బడిరి. లోపల జాను భార్య మార్గరెటును, మరి పండ్రెండుగురును మాత్రమే యుండిరనియు, వచ్చినవారు వేయిమంది యనియు, ఆమె యున్న గది గోడను క్రిందనుండి త్రవ్వి ఆమెను వెలుపలికి మోసికొనిపోయిరనియు జాను తన యర్జీయందు చెప్పుకొనెను. అర్జీదారుని లెక్క కొంత పెద్దదిగా నుండవచ్చును. దౌర్జన్యము జరిగినమాట నిజము.

దీనికంటె పెద్ద చిక్కు 1459లో వచ్చెను. ఫ్రెంచి యుద్ధములలో పేరొందిన సర్ జాన్ ఫాస్టాఫ్, సంతానములేక ఆ యేడు నవంబరులో మరణించెను. అతనికి సముద్రతీరమున కైస్టరు అను చోట ఇటుకలతో కట్టిన గొప్ప కోటయును, నార్ఫోక్, సఫోక్ కౌంటీలలో విస్తారమైన భూములును ఉండెను. చనిపోవుటకు రెండుదినములకు ముందు నోటిమాటగా చేసిన వీలునామాలో, కైస్టరులో ఒక మఠము స్థాపించి కొంత ధనము చెల్లించవలెనన్న షరతుతో, ఈ భూములన్నియు తనకే యిచ్చెనని జాను పాస్టను చెప్పెను. తక్కిన ధర్మకర్తలు ఒప్పుకొనలేదు. ఆ వ్యాజ్యము అతని జీవితమును మ్రింగివేసెను. డ్యూకులు ఇద్దరు శత్రువులైరి. జాను మూడుసార్లు లండనులోని ఫ్లీట్ చెరసాలలో నుండెను. 1465లో సఫోక్ డ్యూకు మనుష్యులు హెల్స్‌డనులోని యతని యింటిని ధ్వంసము చేసిరి.

పాస్టనువారు దాసవంశజులన్న మాటను శత్రువులు ఆయుధముగా పట్టుకొన్నది ఈ కలహములలోనే. ఇది వట్టి తిట్టు కాదు. విల్లెను అనబడు భూదాసునకు ప్రభువునకు ప్రతిగా సొంత ఆస్తి యనునది చట్టమున లేదు. అతని సొత్తు ప్రభువు తనదనవచ్చును. ఆ దాస్యము నాటికి క్షీణించుచున్నను, న్యాయస్థానమున ఆ మాటకు ఇంకను బలముండెను. కావున తాత దాసుడని రుజువైనచో మనుమని కోటయును పోవును, పొలమును పోవును. వంశవృక్షము గోడపై వ్రేలాడదీసెడి బొమ్మ కాదు; ఇంటి పునాది.

జాన్ పాస్టను 1466 మే నెలలో లండనులో మరణించెను. రెండు నెలలకే, జూలైలో, అతని పెద్దకుమారుడు సర్ జాను రాజునొద్ద రెండవ పత్రమును సంపాదించెను. నాలుగవ ఎడ్వర్డు రాజు అందులో పాస్టనువారు దాసులు కారనియు, నార్మను విజయకాలమునుండి గౌరవనీయమైన రక్తముగల కులీనులనియు ప్రకటించెను. వారు చూపిన ప్రాచీనపత్రముల ప్రకారము వారి మూలపురుషుడు వుల్‌స్టను అనువాడు ఫ్రాన్సునుండి వచ్చెనట. బ్రోమ్‌హోము మఠమును స్థాపించిన గ్లాన్విలు అతనికి బంధువట. అనాదినుండి వారికే దాసులుండెడివారట.

చూచితిరా! దాసుడని నిందింపబడినవాడు తన మర్యాదను నిరూపించుటకు చెప్పిన సాక్ష్యములలో నొకటి, తమ యింటనే దాసులుండిరని. దాస్యము తప్పని యెవరును అనలేదు. తాము ఏ వైపునున్నామన్నదే వాదము.

ఇక ఈ రెండు పత్రములను తూచవలయును. రెండును స్వార్థముతో పుట్టినవే. మొదటిది పగవాని పలుకు. రెండవది కుటుంబము చూపిన కాగితములను బట్టి రాజు ఇచ్చిన యనుగ్రహము. రాజముద్ర యున్నదని రెండవదానిని నమ్మవలెనా? వుల్‌స్టను అను పేరునే చూడుడు. వుల్ఫ్‌స్టాన్ అనునది ఫ్రెంచివాని పేరు కాదు. నార్మనులు రాకపూర్వము ఇంగ్లండులో వ్యాపించియున్న ఆంగ్లోసాక్సను నామము. నార్మను విజయమునకు ముందే వుస్టరు నగరమున బిషప్పై, పిమ్మట ఋషితుల్యుడని పూజింపబడిన ఆంగ్లేయుని పేరదియే. ఫ్రాన్సునుండి మూలపురుషుని తెచ్చుకొనగోరినవారు అతనికి ఇంగ్లీషు పేరు పెట్టి తెచ్చిరి. మొదటి పత్రమున మాత్రము ఎకరములు, మర, గుఱ్ఱము, బండి, అప్పు అని యూరిలో ప్రతివాడును కాదో యవునో చెప్పగల సంగతులున్నవి. అబద్ధమాడదలచినవాడు సాధారణముగా ఇరుగుపొరుగువారు వెంటనే ఖండింపగల మాటలు చెప్పడు. అందుచేతనే ఈ కాలపు చరిత్రకారులు దాసత్వపు నిందను అక్షరాల నమ్మకపోయినను, క్లెమెంటు సామాన్యరైతన్న సంగతిని అంగీకరించుచున్నారు.

వంశవృక్షముల యందు మరియొక లోపము గలదు. కొమ్మకొమ్మకు పురుషుల పేర్లుండును; స్త్రీలు ఫలానావాని కూతురు, ఫలానావాని భార్య యని యొక మూల నిలుతురు. పాస్టనువారి యుత్తరములు లేనిచో మార్గరెటు కూడ అట్లే నిలిచియుండును. ఆమె మాట్‌బీ కుటుంబపు ఏకైక వారసురాలు. భూములతో వచ్చిన కోడలు. భర్త లండనులో వ్యాజ్యములతో నుండగా ఇల్లు, పొలము, కౌలుదారులు, శత్రువులు అన్నియు ఆమె చూచుకొనెను. ఆమె పేర నూటికి పైగా నుత్తరములున్నవి. అవన్నియు ఇతరుల చేతివ్రాతలో నున్నవి గాన ఆమెకు వ్రాయుట వచ్చునో రాదో యనుమానమే. 1448లో భర్తకు వ్రాయించిన యుత్తరమున, ఇంటిరక్షణకై విండ్లును, బాణములును, గండ్రగొడ్డళ్లును పంపుమని యడిగి, అదే యుత్తరమున బాదముపప్పు ఒక పౌను, చక్కెర ఒక పౌను, పిల్లల యంగీలకు గుడ్డయును పంపుమని కోరెను. యుద్ధమును వంటయిల్లును ఒక్కచేతితో నడపిన గృహిణి యీమె.

కాని ఆ యింటి స్త్రీలు మర్యాదకు కాపరులు మాత్రమే కారు. మర్యాదకు బలియైనవారును వారే. జాను చెల్లెలు ఎలిజబెత్తును ఏబదియేండ్ల వయస్సుగలిగి, రోగముచే రూపు చెడిన స్టీఫెన్ స్క్రోపు అనువానికిచ్చి వివాహము చేయవలెనని 1449లో తల్లి ఆగ్నెసు తలచెను. పిల్ల వెనుదీసెను. వారమునకు ఒకటి రెండుసార్లు, ఒక్కొక్కప్పుడు దినమునకు రెండుసార్లు ఆమెను కొట్టిరనియు, తల రెండు మూడు చోట్ల పగిలెననియు బంధువురాలొకతె వ్రాసిన యుత్తరము చెప్పుచున్నది. ఆ వివాహము కడకు జరుగలేదు. వంశవృక్షమునందు ఈ దెబ్బలకు స్థలము లేదు.

అన్నిటికంటె మనస్సును పట్టునది మార్గరెటు కుమార్తె మార్జరీ కథ. ఆ యింటి భూములను చూచు గుమాస్తా రిచర్డు కాల్. నమ్మకస్థుడు, సమర్థుడు; ఏండ్లతరబడి ఆ కుటుంబపు లెక్కలను, కష్టకాలములను మోసినవాడు. అతడును మార్జరీయును ఒకరినొకరు ప్రేమించి, ఎవరికిని చెప్పక వివాహప్రమాణము చేసికొనిరి. ఆనాటి చర్చిధర్మము ప్రకారము, పురోహితుడు లేకున్నను వధూవరులు తగినమాటలతో చేసికొన్న ప్రమాణమే వివాహము. సంగతి బయటపడగానే ఇంటివారు వారిని వేరుపరచిరి. 1469లో కాల్ ఆమెకు వ్రాసిన యుత్తరమొకటి యున్నది. చదివినవెంటనే కాల్చివేయుమని అందులో కోరెను. ఆ యుత్తరము కాలలేదు. దానిని చూడకూడదని యెవరినుద్దేశించి యతడు భయపడెనో, ఆ యింటివారి కాగితములలోనే నిలిచియున్నది.

మార్జరీ యన్న, చిన్న జాన్ పాస్టను, తన చెల్లెలు ఫ్రామ్లింగాములో క్రొవ్వొత్తులును ఆవాలును అమ్ముకొనుటకు తానెన్నడును సమ్మతింపనని వ్రాసెను. కాల్ బంధువులు ఆ యూరిలో అంగడివారు. ఆ సెప్టెంబరులో నార్విచ్ బిషప్పు మార్జరీని పిలిపించి, ఆమె యెట్టి కుటుంబమున పుట్టెనో, బంధువు లెట్టివారో జ్ఞాపకముచేసి, కాల్‌తో ఆడినమాట లేమని యడిగెను. ఆమె ఆ మాటలు చెప్పి, ఇవి చాలకున్నచో ఈ చోటు విడుచుటకు ముందే చాలునంత గట్టిగా మరల చెప్పెదననియు, మాటలెట్టివైనను తన మనస్సాక్షికి తాను బద్ధురాలననియు పలికెను. ఆ సంగతి విని తల్లి ఆమెను ఇంట అడుగు పెట్టనీయవద్దని పనివారికాజ్ఞాపించెను. తిరిగివచ్చిన కూతురికి తలుపు తెరువబడలేదు. బిషప్పు ఆమెకు వేరొకచోట బస యేర్పరచెను.

సంవత్సరములను లెక్కించి చూడుడు. దాసవంశమన్న నిందను రాజముద్రతో తుడిచికొన్నది 1466లో. ఆవాలమ్ముకొనువాని యింటికి పిల్లనీయమని తలుపు మూసినది 1469లో. నడుమ మూడేండ్లు. మార్జరీ క్లెమెంటునకు మునిమనుమరాలు. ధాన్యపుబండిని తానే తోలుకొని సంతకు పోయినవాని మునిమనుమరాలు, అంగడి పెట్టుకొన్నవాని యింటికి పోరాదట! పుట్టుకను బట్టి నిందపడి బాధపడినవారే, ఆ నిందను మరియొకని తలపై మోపిరి. ఇదియే ఈ కుటుంబచరిత్ర మనకు చెప్పు కఠినసత్యము. క్రిందనుండి పైకెక్కినవాడు, ఎక్కివచ్చిన నిచ్చెనను తీసివేయుటకే తొందరపడును. తాను నిచ్చెననెక్కి వచ్చినట్లు పరులకు తెలియరాదని యతని భయము. కల్పితమైన వంశవృక్షము ఆ భయముయొక్క చిత్రపటము.

అయినను ఆ కథకు కొంత శాంతి గలదు. కాల్ లేక వారి పనులు జరుగలేదు. అతడు మరల ఆ కుటుంబపు కొలువులోనే యుండెను. మార్గరెటు 1482లో వ్రాయించిన వీలునామాలో మార్జరీ కుమారుడగు జాన్ కాల్‌కు ఇరువది పౌనులు విడిచెను. కూతురికి మూసిన తలుపు మనుమనికి కొంచెము తెరువబడెనన్నమాట. ఇక ఆవాలమాట వ్రాసిన అన్న 1477లో మార్జరీ బ్రూసు అను మరియొక కన్యను పెండ్లాడెను. కట్నముకొరకు పెద్దలు బేరమాడుచుండగా, ఆ పిల్ల యతనికి వ్రాయించిన వలపు లేఖలు నేటికిని ప్రసిద్ధములు. తనకు లభించిన ఆ భాగ్యమును చెల్లెలికి కోరుట యతనికి తోచలేదు.

తరువాతి తరములు వేగముగా పైకెక్కినవి. పదునారవ శతాబ్దమున ఆ కుటుంబమునకు ఆక్స్‌నెడ్ అను చోట గొప్పభవన మేర్పడెను. సర్ విలియము పాస్టను 1606లో నార్త్ వాల్షామునందు నొక పాఠశాలను స్థాపించెను. పిమ్మట నావికావీరుడైన నెల్సను బాల్యమున నక్కడ చదివెను. రాబర్టు పాస్టను 1673లో వైకౌంటు, 1679లో యార్మతు ఎర్లు అయ్యెను. అతని కుమారుడు విలియము రెండవ చార్లెసు రాజుయొక్క కుమార్తెలలో నొకతెను, రాణికి పుట్టనిదానిని, వివాహమాడెను. నాగలినుండి రాజరక్తమువరకు మెట్లన్నియు ఎక్కుటయయినది. కాని 1732లో ఆ రెండవ ఎర్లు అప్పులలో మునిగి, బ్రతికియున్న కుమారుడు లేక మరణించెను. బిరుదము అంతరించెను.

మిగిలిన దేమి? కాగితములు. 1735లో నార్ఫోక్ చరిత్రకారుడు బ్లోమ్‌ఫీల్డు ఆక్స్‌నెడ్‌లోని పెట్టెలు పరిశీలించెను. ఆ యుత్తరములు చేతులు మారి మారి, ఒక మందుల వర్తకుని యింటినుండి జాన్ ఫెన్ అను పండితునకు చేరెను. ఫెన్ 1787లో రెండు సంపుటములు ప్రకటించి, మూలపత్రములను మూడవ జార్జి రాజునకు సమర్పించెను. పిమ్మట ఆ మూలములు కనబడకపోయెను. 1865లో ఒక విద్వాంసుడు ఇవి కల్పితములేమోయని శంకించెను. ఆ యేడే కొన్ని మూలపత్రములు దొరకెను, 1875లోను 1889లోను తక్కినవి వేర్వేరు ఇండ్లలో బయటపడెను. నేడు వానిలో చాలభాగము లండనులోని బ్రిటిష్ లైబ్రరీయందున్నవి. రాజముద్రతో సంపాదించిన పూర్వికుడు వుల్‌స్టనును నేడెవరును తలపరు. నార్మను విజయకాలమునాటి వంశమని చాటిన ఇంటిపేరును లోకము నేడు జ్ఞాపకముంచుకొన్నది, చక్కెర తెమ్మనిన ఒక గృహిణి మాటచేతను, కాల్చివేయుమనిన ఒక గుమాస్తా మాటచేతను.

ఈ కథ వలన మేము గ్రహించినది చదువరులకు మనవిచేసి విరమించెదము. వంశచరిత్ర వ్రాయుట తప్పు కాదు. దొంగచరిత్ర వ్రాయుట తప్పు. తమ యింటి చరిత్ర వ్రాయదలచినవారు మొదట బ్రతికియున్న పెద్దలనడిగి వ్రాయవలెను. ముత్తాతకు పైన ఆధారము లేనిచో అక్కడనే కలము నిలుపవలెను. ఇంటికి వచ్చిన కోడండ్ర పేర్లును, వెళ్లిన యాడుపడుచుల పేర్లును తప్పక చేర్చవలెను. పెట్టెలోని పాతయుత్తరములను చెత్తయని పారవేయరాదు. మరియు, అప్పుచేసి మొదట బడికి పంపినవాడెవడో, ఆ యప్పు తీర్చుటకు కష్టపడినదెవతెయో కనుగొని, వారి పేర్లను మొట్టమొదట వ్రాయవలెను. అట్టి వంశవృక్షమును చదివిన పిల్లవాడు, గుమ్మమున నిలిచిన రిచర్డు కాల్‌ను చూచి తలుపు మూయడు. క్లెమెంటును దాచిన యింటిలోనే ఆ తలుపు మూయబడినది.